కనిష్ఠం

రాత్రి ఎంత చల్లబడిందో
పొద్దున్న ఎనిమిదిన్నరకి గానీ చూడను.
వాల్తేరు గుట్ట మీద తెల్లరంగు చెక్కపెట్టె,
లోపల పడుకోబెట్టిన గాజుగొట్టం,
సారాలో చీమంత సూచిక.
చలి దాన్ని వెనక్కి ఈడ్చుకెళ్లి
ఎక్కడ వదిలిందో అక్కడే ఆగిపోతుంది,
ఎండెక్కినా కదలదు.
ఊరంతా నిద్రలో పోగొట్టుకున్న తెల్లవారుజాముని
అదొక్కటే పట్టుకుని ఉంటుంది.
పదిహేడు పాయింట్ రెండు.
రాసుకుని, గొట్టం వంచి,
సూచికని మళ్లీ ఈ పూటలోకి దించుతాను.

పదమూడేళ్లుగా ఇదే పని.
పదమూడు డిసెంబర్లు, ఒకదాని పోలిక ఒకదానికి లేదు.
ఒక ఏడు కొబ్బరినూనె సీసాని
మధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టాం.
ఇంకో ఏడు జనవరి నడిమధ్యన
ఫ్యాను మూడులో తిరిగింది.

కారణం ఇక్కడ లేదంటే తెడ్డు పరసయ్య నమ్మడు.
"కొండగాలి తిరగనేదు, సలెక్కడొస్తాదమ్మా?"
పెదజాలరిపేట ఇసకలో వల చిక్కు తీస్తూ అంటాడు.
నిజమే. ఆ కొండగాలిని తిప్పే చెయ్యి ఒకటుందంటాను.
పెరూ అని ఒక దేశం, అక్కడా మీలాంటివాళ్లే,
నీళ్లు వేడెక్కి చేప పోయిన ఏడాదికి
పేరు పెట్టారు, చిన్న పిల్లాడని. ఎల్‌నినో.
చల్లబడితే ఆడపిల్ల. లానినా.
పరసయ్య దబ్బనం ఆపి నవ్వుతాడు:
"పిల్లోడికి జొరం అక్కడ, సెమట మనకా?"

మనకే.
అంత దూరాన వేడినీళ్లు తూర్పుకి ఒత్తిగిలితే
మబ్బు కట్టే చోటు జరుగుతుంది,
పైన గాలి నడక మారుతుంది,
ఉత్తరాన్నించి మనూరికి దిగాల్సిన చలి
దారిలో ఎక్కడో దిగబడిపోతుంది.
ఆడపిల్ల వచ్చిన ఏడు తిన్నగా వస్తుంది.
గవ్వలాటలో ఒక గవ్వ కడుపులో
ఎవరో మైనం పోసినట్టు:
ఎక్కువసార్లు ఒకవైపే పడుతుంది.
ఎప్పుడూ కాదు.

ఆ రెండు మాటలే
యాంగ్చెన్‌కి చెప్పడం మరిచిపోయాను.

చంద్రగిరి నుంచి నవంబర్లో వస్తుంది,
ఆశీల్‌మెట్ట ఫుట్‌పాత్ మీద తాళ్లు కట్టి
స్వెట్టర్లు ఆరేస్తుంది, అమ్మకానికి.
"మేడమ్, ఈసారి చలి ఉందా? ఎన్ని మూటలు తేను?"
లానినా, అన్నాను. డాక్టరమ్మలా అన్నాను.
నాలుగు మూటలు తెచ్చేది, ఏడు తెచ్చింది.
మూడు అప్పు మీద.

డిసెంబర్ రెండో వారం బంగాళాఖాతంలో
ఒక వాయుగుండం ఎటూ తేల్చుకోక కూర్చుంది.
నేల వేడి పైకి పోకుండా మబ్బు,
ఊరందరికీ ఊరికే పంచిన దుప్పటి.
ఇరవై రెండు.
ఇరవై రెండు పాయింట్ ఆరు.
ఇరవై రెండు.
గవర్నమెంటు పెన్సిల్‌తో ఆ అంకెలు రాస్తుంటే
ఏడో మూట ముడి కనిపించేది, విప్పనిది.

నాలుగు తిట్టినా బాగుండేది.
ఆవనూనె రంగుది ఒకటి కొన్నాను.
నేను బేరమాడలేదు. ఆమే యాభై తగ్గించింది.

జనవరి ఇరవై ఎనిమిదిన మూటలు కట్టుకుని బస్సెక్కింది.
ఫిబ్రవరి మూడున మబ్బు విరిగింది.
కొండగాలి. పరసయ్య చెవులకి తువ్వాలు.
ఆశీల్‌మెట్ట ఇనుప కమ్మీకి
తెగిన తాడు ముక్క ఒకటి కొట్టుకుంటోంది.

స్వెట్టర్ వేసుకుని గుట్టెక్కాను.
చేతులు పొడుగు, వేళ్ల మీదికి జారుతోంది,
పెన్సిల్ అందదు.
పద్నాలుగు పాయింట్ ఒకటి.
సూచిక ఎంత వెనక్కి పోయిందంటే
ఒకసారి చూసింది చాలక మళ్లీ వంగి చూశాను.
రిమార్కుల గడి అంగుళం కూడా లేదు.
చెయ్యి మడుచుకుని రాశాను,
ఆకాశం నిర్మలం.